నర్సన్న ఎంచుకున్న పాలసీ

ఓడ ఎక్కాలంటే నీళ్ళంటే భయం పోతే చాలని వసంత అనుకుంది. అది ఎంత తప్పో తెలియడానికి ఆమెకు వారం పట్టింది. ఓడ ఎక్కాలంటే ముందు ప్రయాణ బీమా పాలసీ ఎంచుకోవాలి. పాలసీ ఎంచుకోవాలంటే మొగుడు ఒక మాట మీద నిలబడాలి. ఆ మొగుడు నర్సన్న అయితే ఇక ఓడ సంగతి దేవుడెరుగు, కోరుట్ల బస్టాండు దాటడమే గగనం.

దసరా అయిపోయింది. జమ్మి ఆకు దేవుడి గూట్లో ఎండిపోతోంది. సకల జనుల సమ్మె మాత్రం ఆగలేదు. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్ళలో, సార్లు టెంట్ల కింద ఉన్నారు. ఊరంతా తెలంగాణ వస్తుందా రాదా అని మాట్లాడుకుంటుంటే ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య నాలుగు రంగుల కాగితాలు చాప మీద పరుచుకుని ఉన్నాయి. ఎవరైనా వింటే నవ్వుతారని వసంత తలుపు దగ్గరగా వేసింది.

ప్రయాణం చెప్పుకోవడానికి సులువే. సింగపూర్‌లో ఓడ ఎక్కడం, సముద్రం మీద కొన్ని రోజులు తిరగడం, మళ్ళీ అక్కడే దిగడం. ఓడ దాకా చేరడానికే రెండు విమానాలు. షంషాబాద్‌లో ఒకటి ఎక్కి చెన్నైలో దిగాలి, అక్కడ ఇంకో కంపెనీ విమానం ఎక్కాలి. మొదటిది తప్పితే రెండోది తప్పుతుంది, రెండోది తప్పితే ఓడ వెళ్ళిపోతుంది. ఓడ ఎవరి కోసమూ ఆగదని వసంత అక్క కొడుకు సంజీవ్ మొదటి రోజే చెప్పాడు. జగిత్యాలలో టవర్ దగ్గర టికెట్ల ఆఫీసు అతనిది. ఇన్నేళ్ళూ గల్ఫుకు పోయేవాళ్ళకు టికెట్లు చేసిన మనిషి, ఏడవకుండా విమానం ఎక్కేవాళ్ళకు టికెట్ చేయడం ఇదే మొదలని తెగ సంబరపడ్డాడు. ఆ సంబరం ఇప్పుడు అతని ముఖంలో వెతికినా దొరకదు.

ఈ ఓడ కథ ఒక క్యాసెట్‌తో మొదలైంది. నర్సన్న దుబాయిలో రేవు దగ్గర సామాను ఎత్తే పని చేసేవాడు. ఫోను చేయడం భారమైన ఆ రోజుల్లో చెప్పాల్సిన మాటలన్నీ టేపులో నింపి, సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. వసంత బిడ్డను పడుకోబెట్టి, ఒక్కతే కూర్చుని వినేది. ఒక క్యాసెట్‌లో ఒక పక్కంతా ఒక ఓడ గురించే చెప్పాడు.

"తెల్లగున్నది వసంతా. మన జగిత్యాల ఖిల్లా నీళ్ళ మీద నడిచి అచ్చినట్టున్నది. అండ్లకెళ్ళి ఆడోళ్ళు మొగోళ్ళు చేతులు వట్టుకొని దిగుతున్నరు. ఎప్పటికన్న నిన్ను అండ్ల ఎక్కిస్త."

ఆ ముక్క వచ్చే చోట టేపు అరిగిపోయింది, అన్నిసార్లు వెనక్కి తిప్పింది ఆమె. మొగుడితో కలిసి చేసిన పెద్ద ప్రయాణం ఏదని ఎవరైనా అడిగితే కొండగట్టు దాకా బస్సులో పోవడమే చెప్పాలి. ఆయన వస్తే సెలవు, పోతే ఏళ్ళు. ఇప్పుడు గల్ఫు మానేసి వచ్చి పసుపు చేను చూసుకుంటున్నాడు గాని, పోయిన కాలం పోయినట్టే ఉంది. ఆ కాలానికి బదులుగా ఒక్క ప్రయాణమైనా ఇద్దరూ కలిసి చేయాలని ఆమె పట్టు. ఇది తప్పితే ఈయన మళ్ళీ చేను గట్టు దాటడని ఆమెకు బాగా తెలుసు. అందుకే ఏమైనా సరే, ఈ ఓడ తప్పకూడదు.

"శవం సంగతి ఇండ్ల ఏడ రాసిన్రు?" అన్నాడు నర్సన్న, అద్దాలు ముక్కు మీదికి జార్చి, నీలం కాగితాన్ని వెలుతురుకు పట్టి.

వసంత చాయ గ్లాసు చాప మీద గట్టిగా పెట్టింది. సంజీవ్ ఓపికగా కాగితం వెనక్కి తిప్పాడు.

"గది ఆఖరుకు ఉంటది కాకా. ముందుగాల గీ పేజీ సూడు. బ్యాగు పోతే ఏంది, దవాఖానల పడితే ఏంది, మొదటి ఇమానం లేటయ్యి రెండోది తప్పితే ఏంది, గవన్ని గిక్కడున్నయి."

"గవన్ని బతికున్నోనికి. సచ్చినోనికి ఏంది?"

"నోట్ల మంచి మాట రాదా నీకు?" అంది వసంత. "సంబురానికి పోతున్నం. పీనుగను ఎట్ల తెస్తరు, ఎవ్వలు తెస్తరు అని వారం సంది గిదే లొల్లి. ఓడల ఏం వెడతరు, ఎక్కడ పండుకుంటం, ఏం బట్టలు తెచ్చుకోవాలె, ఒక్కటన్న అడిగినవా?"

"బట్టల సంగతి నువ్వు సూస్తవు గదా," అన్నాడు నర్సన్న, కాగితం మీది నుంచి తల ఎత్తకుండా.

నాలుగింటిలో రెండు పోయి రెండు మిగిలాయి. నీలం కాగితం వసంతకు నచ్చింది. విమానం తప్పితే ఇంకో విమానానికి, ఓడ తప్పితే అది ఆగే తర్వాతి ఊరిలో ఎక్కించడానికి ఆ కంపెనీ ఖర్చు పెట్టుకుంటుంది. కాని మనిషి పోతే మాత్రం ఇంటివాళ్ళే అన్ని కాగితాలూ తెచ్చుకుని, అన్ని ఖర్చులూ పెట్టుకుని, ఆ తర్వాత అడగాలి. ఎర్ర కాగితం అందుకు పూర్తిగా తలకిందులు. మనిషి పోతే కంపెనీ మనిషే వచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగి, శవపెట్టెను ఇంటి గడప దాకా తెస్తాడు, తోడుగా ఉన్నవాళ్ళను కూడా తెస్తాడు. విమానం తప్పితే మాత్రం మీ ఖర్మ అంటుంది.

"రెండు తీసుకుంటే పోదా?" అంది వసంత.

"ఒకణ్ణి అడిగితే గా ఇంకొకణ్ణి అడుగు అంటడు చిన్నమ్మా. నడుమ మనమే తిరగాలె."

"అయితే గీ నీలందే తీసుకో. గిన్ని బందులల్ల ఇమానం అందుతదన్న నమ్మకం ఏడున్నది?"

బందుకు ఈ పాలసీ పనికొస్తుందో లేదో అడిగి చూద్దామని సంజీవ్ నీలం కాగితం కంపెనీకి ఫోను చేసి, అందరికీ వినిపించేలా నడుమ పెట్టాడు. చాలాసేపు పాట వచ్చింది. తర్వాత ఒక అమ్మాయి పలికింది. ఎక్కడి అమ్మాయో గాని చక్కని తెలుగు, మర్యాదైన గొంతు.

"తప్పకుండా సార్. సమ్మె వల్ల కనెక్టింగ్ ఫ్లైట్ తప్పినా మేము కవర్ చేస్తాం. అయితే ఆ సమ్మె మీరు పాలసీ కొన్న తర్వాత మొదలై ఉండాలి. ముందే తెలిసిన సమ్మె అయితే కుదరదు. మీ ప్రాంతంలో ఆందోళన ఎప్పుడు మొదలైంది సార్?"

సంజీవ్ నోరు తెరిచాడు. ప్రతి బందూ దేనికదే, ఆ రోజు రోడ్డు మూస్తారని ఇవాళ ఎవరికీ తెలియదు కదా మేడమ్ అని చెప్పడానికి అతను మాటలు కూడదీసుకుంటున్నాడు. నర్సన్న ఫోను మీదికి వంగాడు.

"అరవై తొమ్మిదిల మొదలైంది బిడ్డా."

అటు నుంచి కీబోర్డు టకటక వినిపించింది.

"నేను అప్పుడు చిన్నపోరన్ని. మా అన్న జగిత్యాలల సదువుతుండె. ఆయినకు మోకాలు మీద లాఠీ దెబ్బ గూడ తాకింది. గిప్పటికి కుంటుకుంటనే నడుస్తడు. నడుమ నడుమ ఆగింది గని పోలేదు. రాసుకో."

"సరే సార్," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "అయితే అది ముందే తెలిసిన సంఘటన కిందికి వస్తుంది. పాలసీ తీసుకోవచ్చు గాని, దాని వల్ల జరిగే ఆలస్యానికి మేము బాధ్యత తీసుకోలేం. ఈ కాల్ రికార్డు అవుతోంది సార్."

సంజీవ్ ఫోను కట్ చేసి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వసంత మొగుడి వైపు చూసింది. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఆమెకు ఇంకా మండింది.

"నిన్ను ఎవ్వలు అడిగిన్రు? సంజీవ్ సెప్తలేడా?"

"ఎప్పుడు మొదలైందని అడిగింది. సెప్పిన. తప్పు సెప్పుమంటవా?"

"తప్పు సెప్పుమనలేదు. సప్పుడు సెయ్యకుంట కూసొమ్మంటున్న."

నీలం కాగితానికి ఉన్న ఒక్క లాభమూ అలా పోయింది. ఇక మిగిలింది ఎర్ర కాగితమే. నర్సన్న తృప్తిగా సంతకం పెట్టాడు. గెలిచిన ముఖం కూడా పెట్టలేదు, పెడితే వసంత కొంత తిట్టి మనసు తేలిక చేసుకునేది.

ఆయనకు ఆ యావ ఎందుకో ఆమెకు తెలియక కాదు. దుబాయిలో నర్సన్న గదిలోనే ఉండేవాడు ఓదెలు, ఎల్లారెడ్డిపేట మనిషి. ఒకనాడు పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. పాస్‌పోర్టు ఒక కంపెనీ దగ్గర ఉంది, చేసే పని ఇంకో కంపెనీలో. రెండు కంపెనీలూ మా మనిషి కాదన్నాయి. నెలల తరబడి ఓదెలు అక్కడి దవాఖానలో మంచుపెట్టెలో ఉంటే, నర్సన్న పని పోగొట్టుకుని ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగాడు. చదువు అంతంతమాత్రం, భాష అంతకన్నా తక్కువ. ఆఖరికి పెట్టెతో పాటు తనే విమానం ఎక్కి, ఎల్లారెడ్డిపేటలో ఓదెలు ఇంటి ముందు దించాడు. పెట్టె తెరవొద్దన్నారు. ఓదెలు పెళ్ళాం బాలవ్వ ఒక్కసారి ముఖం చూపించమని అడిగితే చూపించలేకపోయాడు. అప్పటి నుంచి ఆయన ఆ ఊరి దిక్కు పోలేదు. ఈ సంగతి వసంతకు ఒకే ఒక్కసారి చెప్పాడు, అదీ గోడ వైపు తిరిగి. తెలిసిన తర్వాత గట్టిగా పోట్లాడటానికి కూడా లేకుండా పోయింది, అదో బాధ.

పాలసీ వచ్చింది, పీడా పోయిందనుకుంది. పోలేదు. ప్రయాణం దగ్గర పడుతుంటే సంజీవ్ జగిత్యాల నుంచి ఫోను చేశాడు.

"చిన్నమ్మా, తొవ్వల మీద నమ్మకం లేదు. రెండు రోజుల ముందుగాలనే హైదరాబాద్ వోయి ఉండుండ్రి. ఏదన్న లాడ్జిల దిగుండ్రి."

వసంత అప్పటికే సంచులు సర్దింది. నర్సన్న మాత్రం ఎర్ర కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. దాని మీద ప్రయాణం తారీఖు ఉంది. పాలసీ ఆ రోజు నుంచే మొదలు.

"పాలసీ మొదలు గాకముందు నేను గడప దాట," అన్నాడు.

"హైదరాబాదే గదయ్యా పోయేది. ఇంగ్లాండు పోతున్నమా? ఆడ ఏమన్న అయితే కోరుట్లకు తెచ్చేతందుకు పాలసీ ఎందుకు, అంబులెన్సు సాలు."

"అందరు గట్లనే అనుకుంటరు."

సంజీవ్ ఫోనులోనే మొత్తుకున్నాడు. "కాకా, అసలు గా పాలసీ దేశం దాటినంకనే పనిజేస్తది. ఇంట్ల ఉన్నా లాడ్జిల ఉన్నా ఒక్కటే."

"మల్ల తారీఖు ఎందుకు రాసిన్రు? రాసినంక తారీఖే."

ప్రమాదం నుంచి కాపాడటానికి కొన్న కాగితం ఇప్పుడు మనిషిని ఇంట్లో కట్టేసింది. ఆ కాగితాన్ని పొయ్యిలో పెడితే ఏం జరుగుతుందో వసంత కాసేపు నిజంగానే ఆలోచించింది. రెండు రోజులూ సర్దిన సంచులు తలుపు పక్కన కూర్చున్నాయి. వాటిని చూసుకుంటూ ఆమె కూడా కూర్చుంది.

ఆ రోజు తెల్లవారగానే బయలుదేరారు. కారు నడిపేది సాయన్న, ఇరవై ఏళ్ళుగా గల్ఫు జనాన్ని విమానాలకు చేర్చిన పక్క వాడ మనిషి. విమానం సాయంత్రం కాబట్టి మధ్యాహ్నానికే షంషాబాద్‌లో దింపుతానన్నాడు. కథలాపూర్ దాటింది, వేములవాడ దాటింది. దారి ఖాళీగా ఉంది. వసంత ఊపిరి పీల్చుకుని, కొత్త చీర కొంగు సర్దుకుంది. మరీ తొందరపడి ఆయన్ని తిట్టానేమోనని కూడా అనుకుంది.

సిరిసిల్లలో ఆ అనుమానం తీరిపోయింది. ఊరి చివర సిద్దిపేట దారికి అడ్డంగా ట్రాక్టర్లు నిలిపారు. రోడ్డు మీద టెంటు వేసి జనం కూర్చున్నారు. బట్ట నేసే సాంచాల చప్పుడు ఎప్పుడూ ఆగని ఊరిలో ఆ చప్పుడు కూడా లేదు. సాయన్న దిగి మాట్లాడి వచ్చాడు.

"సిద్దిపేట దాక గిట్లనే ఉన్నదట అక్కా. ఎల్లారెడ్డిపేట మీదికెళ్ళి కామారెడ్డి వోయి హైవే ఎక్కుదం."

"వద్దు," అన్నాడు నర్సన్న.

"ఎందుకు?"

"గా తొవ్వ వద్దు. ఇక్కన్నే ఆగుదం. ఇడుస్తరు."

వసంతకు అర్థమైంది. అర్థమైనందుకు జాలి కలగాలి. కలిగింది కూడా, కాని దాని కన్నా ముందు కోపం వచ్చింది. రెండు రోజుల ముందు బయలుదేరి ఉంటే ఏ తొవ్వ అయినా సరిపోయేది. పాలసీ లేనిదే కదలనన్నది ఓదెలు కోసమే, ఇప్పుడు ఈ తొవ్వ వద్దంటున్నదీ ఓదెలు కోసమే. సచ్చిన మనిషి తన ప్రయాణానికి ఇన్నిసార్లు అడ్డం పడితే ఆమె ఎంతని ఓర్చుకోవాలి.

"సాయన్నా, బండి తిప్పు," అంది. "గీయన మాట ఇంటే నేను సచ్చినంకనే ఓడ ఎక్కుత."

దారి పొడుగునా నర్సన్న ఎర్ర కాగితం ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని, కిటికీ వైపు కాకుండా నేరుగా ముందున్న సీటు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎల్లారెడ్డిపేటలో వంటా వార్పు జరుగుతోంది. రోడ్డు నడుమ రాళ్ళ పొయ్యిలు పెట్టి, గంజులెత్తి, ఊరు ఊరంతా అక్కడే వండుకుని అక్కడే తింటున్నారు. ఒక పక్క పప్పు ఉడుకుతోంది, ఇంకో పక్క డప్పులు, పాటలు. మామూలు రోజైతే వసంత కూడా కొంగు నడుముకు చుట్టి గరిట అందుకునేదే. ఇవాళ ఆ పొగ చూడగానే గడియారం చూసుకుంది. మెడలో గులాబీ కండువా వేసుకున్న పడుచువాళ్ళు కారును ఆపారు.

"ఏడికి అక్కా? సమ్మె అని తెల్వదా?"

"తెల్వకేంది తమ్మీ. మొన్న బతుకమ్మ మేము గూడ రోడ్డు మీదనే ఆడినం. ఇమానం ఉన్నది, జర ఇడువుండ్రి."

"ఇమానమా? గల్ఫుకా?" అన్నాడు అందులో పెద్దవాడు. అతని గొంతు మెత్తబడింది. "గల్ఫయితే ఇడుస్తం. వీసా పాడైతే ఎవ్వలిస్తరు. దుబాయా, మస్కటా?"

వసంత తల ఊపడానికి సిద్ధమైంది. ఒక్క ఊపు చాలు. సాయన్న అప్పటికే గేరు వేశాడు. వెనక సీటులో నుంచి నర్సన్న మాట వినిపించింది.

"గల్ఫు కాదు. ఓడ ఎక్కేతందుకు పోతున్నం. సరదాకు."

వసంత కళ్ళు మూసుకుంది. పడుచువాళ్ళు నవ్వారు.

"సరదాకయితే ఆగుండ్రి కాకా. మేము తెలంగాణ కోసం తొవ్వల కూసుంటే మీకు ఓడ అర్జంటా? దిగుండ్రి. ఇంత తినుండ్రి. పొద్దుగూకంగ తొవ్వ ఇడుస్తం."

పొద్దుగూకే వేళకు విమానం గాల్లో ఉంటుంది. వసంత కారు దిగింది. ఇక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. అంతమంది ముందు నిలబడి మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. అరవై తొమ్మిది దగ్గర మొదలుపెట్టి, తారీఖు మీదుగా, ఇప్పటి ఓడ మాట దాకా ఒక్కటీ వదలలేదు. "ఇన్నేండ్లు నీ గొంతుతోటి కాపురం జేసిన, నీతోటి కాదు," అంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నర్సన్న కూడా కారు దిగి, తల వంచుకుని, "నాదే తప్పు వసంతా, నాదే," అన్నాడు.

గంజు దగ్గర వంగి అన్నం తీస్తున్న ఒకామె ఆ గొంతు విని నడుము ఎత్తింది. నెరిసిన జుట్టు, చేతిలో గరిట. మెల్లగా వచ్చి నర్సన్న ముందు నిలబడింది.

"గొంతు ఇని సూసిన. నువ్వు నర్సన్నవు గదా?"

నర్సన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "బాలవ్వా," అన్నాడు.

"ఎన్నేండ్లాయె అన్నా. ఒక్కపారన్న రాకపోతివి."

"ఏ మొఖం వెట్టుకొని రావాలె చెల్లె. నువ్వు మొఖం సూపియ్యమంటివి, నేను పెట్టె ఇచ్చి పోతిని."

బాలవ్వ గరిట పక్కామె చేతికిచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పెట్టె ఇచ్చినవు. గదన్న ఇచ్చినవు. మా వాడల గల్ఫుకు వోయి మల్ల రానోళ్ళు ఇంక ఇద్దరున్నరన్నా. సచ్చిన్రంటరు, పెట్టె రాలేదు. ఆళ్ళ పెండ్లాలు బొట్టు ఉంచుకోవాల్నో తియ్యాల్నో తెల్వక గిప్పటికి ఫోను మోగితె ఉరుకుతరు. నేను గట్ల ఉరుకుత లేను. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టేటప్పుడు నా మొగని సమాధి కాడికి పోత. ఇంత కల్లు వోస్త, ఇంత బువ్వ వెడత. నన్నెందుకు ఇడిసిపెట్టి పోయినవని కడుపునిండ తిడత. తిట్టుకునేతందుకు నాకొక జాగ ఉన్నది. గది నువ్వు తెచ్చిచ్చిందే."

వసంత ఇంకా ఏడుస్తూనే ఉంది గాని, ఎందుకు ఏడుస్తోందో ఆ మాటతో మారిపోయింది. వారం రోజులుగా ఆమె పీనుగ పీనుగ అని ఈసడించిన మాట, ఈ రోడ్డు మీద ఒక ఆడమనిషి బతుకును నిలబెట్టిన మాట. అది ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

బాలవ్వ పడుచువాళ్ళ వైపు తిరిగింది.

"గీయన ఓదెలును ఇంటికి తెచ్చినాయన. నెలల కొద్ది తిరిగి తెచ్చిండు. తొవ్వ ఇయ్యుండ్రి."

పెద్దవాడు కండువా సర్దుకుని, "గీ మాట ముందుగాలనే సెప్పకపోతివి కాకా," అన్నాడు నర్సన్నతో.

"ఎవ్వలు అడగలేదు," అన్నాడు నర్సన్న.

అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పేసే మనిషి, అడగలేదని లోపలే ఉంచుకున్న మాట అది. వసంతకు ఆ ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది.

దారి ఇస్తారు గాని, వంటా వార్పు దగ్గరికి వచ్చినవాళ్ళు తినకుండా పోకూడదని బాలవ్వ పట్టుబట్టింది. రోడ్డు మీదే కూర్చోబెట్టి విస్తరాకులో వేడి అన్నం, పప్పుచారు వడ్డించింది. వసంత ఒక కన్ను గడియారం మీద పెట్టి గబగబా తింది. నర్సన్నకు ముద్ద దిగలేదు. బాలవ్వ పక్కనే కూర్చుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు "తిను అన్నా" అని అంటూ ఉంటే, కళ్ళు తుడుచుకుంటూ మొత్తం తిన్నాడు. ఇంకోసారి కూడా పెట్టించుకున్నాడు. విమానం గుర్తు చేయడానికి వసంత నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

ముందు ఊళ్ళలో ఇంకా ఆపుతారని పెద్దవాడు బైకు మీద వాళ్ళకు ముందుగా పోయాడు. ఆపిన ప్రతిచోటా అతను ఏదో చెప్పాడు, జనం కారు లోపలికి ఒకసారి చూసి పక్కకు జరిగారు. కామారెడ్డి దగ్గర హైవే ఎక్కించి, చెయ్యి ఊపి వెనుదిరిగాడు. ఏ కంపెనీ కాగితంలోనూ రాయని పద్ధతిలో వాళ్ళు షంషాబాద్ చేరారు. కౌంటరు మూయబోతున్న అమ్మాయి వాళ్ళ బట్టల మీద పొయ్యి పొగ వాసన పీల్చి, బోర్డింగ్ పాసులు చేతికిచ్చింది. చెన్నైలో రెండో విమానం కూడా అందింది. సింగపూర్‌లో తెల్ల ఓడ ఎదురుగా కనిపించినప్పుడు వసంత తల ఎత్తి పైదాకా చూసింది. ఖిల్లా అన్నది నిజమే. ఈయన చెప్పేవన్నీ నిజాలే, అదే కదా ఖర్మ.

ఓడ కదిలే ముందు అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగి, ప్రమాదం వస్తే ఎటు పోవాలో చూపించారు. నర్సన్న వసంత జాకెట్ తాళ్ళు కట్టి, విప్పి, మళ్ళీ కట్టాడు. ఆయన జాకెట్ భుజం మీద వేలాడుతూనే ఉంది. ఆ పని అయ్యాక ఇద్దరూ పైకి వచ్చి కమ్మీ పక్కన నిలబడ్డారు. ఊరు వెనక్కి జరుగుతోంది. నీళ్ళు చాలా కిందికి ఉన్నాయి.

వసంత చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్న మాట అడిగింది.

"గా ఎర్ర కాయితంల, నాకేమన్న అయినా తెస్తరా?"

"నీ దాంట్లనే ముందుగాల సదివిన," అన్నాడు నర్సన్న. "సంజీవ్‌తోటి రెండుమార్లు సదివిచ్చిన. నా దాంట్ల ఏమున్నదో ఇంక సూడనే లేదు."

"నీది సూడలేదా?"

"నాకేమన్న అయితే వీళ్ళు సముద్రంల ఏసినా మంచిదే. నిన్ను మాత్రం ఇంటికి తెచ్చుకోవాలె గదా."

వారం రోజులు. నాలుగు రంగుల కాగితాలు. సర్దిన సంచుల ముందు రెండు రోజుల కాపలా. అదంతా ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల. ఒక్క మాట అడిగితే దేశం పుట్టుపూర్వోత్తరాలు ఫోనులో చెప్పే మనిషి, ఇది మాత్రం లోపలే పెట్టుకున్నాడు. వసంతకు ఎక్కడ లేని కోపం వచ్చింది. గొంతు దాకా వచ్చి, అక్కడే కరిగిపోయింది.

"ఇగ నోరు మూసుకొని చెయ్యి వట్టుకో," అంది. "దిగెటప్పుడు గూడ గిట్లనే దిగాలె."

నర్సన్న చెయ్యి పట్టుకున్నాడు.